చక్రాల ఇంట్లో శరత్కాల యాత్ర

పూర్వం మన పల్లెల్లో తిరునాళ్ళకు పోవాలంటే గూడుబండి కట్టేవారు. బండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసి, బియ్యం మూట, పప్పు మూట, వంట గిన్నెలు, నీళ్ళ కుండ సర్దుకుని ఇంటిల్లిపాదీ ఎక్కేవారు. ఎక్కడ చీకటి పడితే అక్కడే మజిలీ. చెట్టుకింద మూడు రాళ్ళు పెట్టి వంట, బండిలోనే పడక.

అమెరికాలో ఈ రోజుల్లో కూడా ఇలాంటి యాత్రలు చేసేవాళ్ళు లక్షలమంది ఉన్నారు. కాని వాళ్ళ బండికి ఎడ్లు లేవు, ఇంజను ఉన్నది. ఆ బండిని అక్కడివాళ్ళు ఆర్వీ అంటారు. మనం దాన్ని మోటారు ఇల్లు అనుకుందాం.

పిల్లలూ, ఇవాళ మీరంతా ఈ మోటారు ఇంట్లో ఎక్కండి. మనం రాకీ పర్వతాలలో మూడు జాతీయ వనాలు చూసి వద్దాం. ఇది సెప్టెంబరు నెలాఖరు. మన ఊళ్ళల్లో దసరా సెలవులు దగ్గర పడుతూండగా అక్కడ చెట్లు బంగారు రంగుకు తిరుగుతూ ఉంటాయి. కాని త్వరపడాలి. అక్టోబరు వెళ్ళేసరికి కొండలమీద మంచు పేరుకుంటుంది, రోడ్లకు గేట్లు పడతాయి.

మన బండి ఎలాటిది?

1910 లో న్యూయార్కు నగరంలో జరిగిన ఒక మోటారు ప్రదర్శనలో పియర్స్-ఆరో అనే కంపెనీ ఒక వింత కారును పెట్టింది. దాని వెనక సీటు వాలిస్తే మంచమయేది. డ్రైవరు సీటు వెనక మడతపెట్టే కడుగుతొట్టి ఉండేది. లోపల కూచున్నవారు డ్రైవరుతో మాట్లాడటానికి టెలిఫోను కూడా ఉండేది! మోటారు ఇళ్ళకు ముత్తాత వంటిది ఆ కారు.

మన బండిలో ఇంకా ఎక్కువ సౌకర్యాలున్నాయి. గ్యాసు పొయ్యి, చలవపెట్టె, మంచాలు, స్నానాలగది, చలి కాచుకునేందుకు వేడిగాలి యంత్రం ఉన్నాయి. అడుగున మూడు తొట్లున్నాయి. ఒకదానిలో మంచినీళ్ళు. ఒకదానిలో గిన్నెలు తోమిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు చేరతాయి. మూడోదానిలో మరుగుదొడ్డి నీళ్ళు చేరతాయి. ఈ మురికినీటిని దారిలో ఎక్కడంటే అక్కడ వదలరాదు. అందుకని ప్రత్యేకంగా కట్టిన చోట్లకు తీసుకుపోయి, గొట్టం తగిలించి ఖాళీ చెయ్యాలి. మన చెత్త మన వెంటే ఉండాలన్నది ఈ ప్రయాణంలో మొదటి నియమం.

రెండో నియమం చలిని గురించినది. ఈ ఋతువులో పగలు ఎండ హాయిగానే ఉంటుంది, కాని రాత్రి నీరు గడ్డకట్టే చలి వేస్తుంది. నీరు గడ్డకట్టినప్పుడు పరిమాణంలో నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది. గొట్టాలలో నీళ్ళు నిలవ ఉంటే అవి పగిలి ఊరుకుంటాయి. కనుక బాగా చలిగా ఉండే రాత్రులలో గొట్టాలను వెచ్చగా ఉంచాలి, లేదా నీళ్ళన్నీ వదిలేసి పడుకోవాలి.

ఇక మూడో నియమం. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూచోకూడదు. ఈ బండి టన్నుల కొద్దీ బరువు. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుచేత తక్కువ గేరు వేసి, ఇంజనుచేతనే బండిని పట్టి ఉంచాలి. తిరుమల కొండ దిగే బస్సు డ్రైవర్లు కూడా ఇలాగే చేస్తారు.

అన్నీ సరిచూసుకున్నాం. ఇక పోదాం!

ఒకే చెట్టు, ఒకే కొండ

వయోమింగు రాష్ట్రంలో జాక్సన్ అనే చిన్న ఊరు దాటగానే ఎడమచేతి వైపు చూడండి. గ్రాండ్ టీటన్ శిఖరం! దాని ఎత్తు 13,775 అడుగులు. మామూలుగా పెద్ద కొండలకు ముందు చిన్న కొండలు, గుట్టలు ఉంటాయి కదా? ఇక్కడ అవేమీ లేవు. చదునైన లోయలోనుంచి కొండ ఒక్కసారిగా 7,000 అడుగులు లేచి నిలబడింది. దీనికి కారణం భూమిలో ఉన్న పెద్ద పగులు. ఆ పగులుకు ఒక పక్క నేల పైకి లేచింది, రెండో పక్క కుంగిపోయింది. లేచినది కొండ అయింది, కుంగినది లోయ అయింది. ఇలా లేవటం మొదలై కోటి సంవత్సరాలు కూడా కాలేదు. పర్వతాలలో ఇది పసిపిల్ల. కాని దానిలో ఉన్న రాళ్ళలో కొన్ని 270 కోట్ల ఏళ్ళ నాటివి!

కొండ కింద పచ్చటి బంగారం పోసినట్టున్న తోపులు చూశారా? అవి ఆస్పెన్ చెట్లు. గాలి ఏ కాస్త వీచినా ఆకులన్నీ గలగలలాడతాయి. మన రావి ఆకులు ఇలాగే కదులుతాయి. ఆస్పెన్ ఆకు తొడిమ బల్లపరుపుగా ఉంటుంది, అందుకే దానికి ఒక్క క్షణం నిలకడ లేదు.

ఇంకొక వింత చూడండి. ఒక తోపు మొత్తం పసుపైపోయింది, పక్క తోపు ఇంకా పచ్చగానే ఉన్నది. ఎందుచేత? ఒక తోపులో వందల చెట్లున్నట్టు కనిపిస్తుంది గాని, చాలాసార్లు అదంతా ఒకే చెట్టు! మర్రిచెట్టు ఊడలు దింపి పెరిగినట్టే ఆస్పెన్ నేల కింద వేళ్ళు పాకించి, వాటినుంచి కొత్త మొక్కలు లేపుతుంది. ఒకే ప్రాణం కనుక ఒకేసారి రంగు మారుతుంది. యూటా రాష్ట్రంలో ఇలాంటి ఆస్పెన్ ఒకటి 106 ఎకరాలలో వ్యాపించి ఉన్నది. దానికి సుమారు 47,000 కాండాలున్నాయి.

ఆకులు పసుపు రంగుకు ఎందుకు తిరుగుతాయి? ఆకులోని పత్రహరితం ఎండను పట్టి చెట్టుకు అన్నం వండుతుంది. చలికాలంలో ఎండ తక్కువ, నేలలోని నీరు గడ్డకట్టి చెట్టుకు అందదు. అటువంటప్పుడు వెడల్పాటి ఆకులు పెట్టుకుంటే ఉన్న నీరు కాస్తా ఆవిరై పోతుంది. అందుకని చెట్టు వంటిల్లు మూసేస్తుంది. ఆకులోని సారాన్ని వెనక్కు లాక్కుని కాండంలోనూ వేళ్ళలోనూ దాచుకుంటుంది. పత్రహరితం పోగానే అంతదాకా దానిచాటున ఉన్న పసుపు రంగు బయటపడుతుంది. అది కొత్తగా వచ్చినది కాదు, మొదటినుంచీ ఆకులో ఉన్నదే! తరవాత తొడిమ మొదట సన్నని పొర ఏర్పడుతుంది, ఆకు రాలుతుంది.

ఈ లోయ ఇంత అందంగా మిగలటం వెనక ఒక కథ ఉన్నది. 1926 లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ అనే ధనవంతుడు ఇక్కడికి వచ్చి, రోడ్డు పక్కన లేస్తున్న కొట్లనూ పాకలనూ చూశాడు. ఇవి ఇలాగే పెరిగితే లోయ పాడైపోతుందని, తన పేరు పైకి రాకుండా ఒక కంపెనీచేత వేల ఎకరాలు కొనిపించాడు. సంగతి తెలిశాక ఆ ప్రాంతంవాళ్ళలో చాలామంది కోపగించారు. తగాదా ఏళ్ళ తరబడి సాగింది. చివరకు 1949 లో ఆయన సుమారు 33,000 ఎకరాలను దేశానికి దానం చేశాడు. 1950 లో అది జాతీయ వనంలో కలిసింది.

సాయంకాలమైంది. ఆ వింత కూత విన్నారా? మొదట లావుగా మొదలై, సన్నని ఈలలాగా పైకి పోతుంది. అది పిట్ట కాదు! ఎల్క్ అనే పెద్ద దుప్పి. మూడు వందల కిలోల బరువుండే మగ ఎల్క్ ఈ ఋతువులో ఆడవాటిని పిలవటానికీ, తోటి మగవాటిని బెదిరించటానికీ ఇలా కూస్తుంది. దగ్గిరికి పోకండి. 25 గజాల దూరం ఉండాలని ఇక్కడ చట్టం. ఎలుగుబంట్లకూ తోడేళ్ళకూ అయితే 100 గజాలు.

నీళ్ళు మరిగే అడవి

ఉత్తరంగా పోతే ఎల్లోస్టోన్ వస్తుంది. 1872 మార్చి 1 న అమెరికా అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ చేవ్రాలుతో ఇది జాతీయ వనమైంది. ప్రపంచంలో ఇదే మొదటి జాతీయ వనం. అంతకు వేల ఏళ్ళ ముందునుంచే షొషోనీ, క్రో మొదలైన జాతులవాళ్ళు ఇక్కడ వేటాడేవారు, నివసించేవారు. మొదట్లో యాత్రికులు గుర్రపు బళ్ళలో వచ్చేవారు. మోటారు కార్లను 1915 లో రానిచ్చారు.

దారిలో క్రెయిగ్ కనుమ దగ్గిర ఒక చిన్న చెరువున్నది. పేరు ఐసా. మంచు కరిగే రోజుల్లో దాని నీళ్ళు రెండు వైపులకూ పారతాయి. తూర్పు కొసనుంచి పోయే నీళ్ళు ఎటు పోతాయో చెప్పుకోండి. తూర్పు సముద్రానికా? కాదు, చుట్టు తిరిగి పడమటి సముద్రంలో కలుస్తాయి! పడమటి కొసనుంచి పోయే నీళ్ళు మిస్సోరి, మిసిసిపీ నదుల గుండా తూర్పున ఉన్న మెక్సికో సింధుశాఖకు చేరతాయి.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికి అన్నం వండుదాం. ఎంతసేపటికీ ఉడకదేం? మనం సముద్ర మట్టానికి 7,000 అడుగులకు పైన ఉన్నాం. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కనుక నీరు 100 డిగ్రీల దాకా పోకుండా సుమారు 93 డిగ్రీల దగ్గిరే మరిగిపోతుంది. మూత బిగించి ప్రెషరు కుక్కరు పెట్టండి. లోపల ఒత్తిడి పెరిగి, నీరు ఎక్కువ వేడెక్కి, పప్పు కూడా ఉడుకుతుంది.

ఈ కుక్కరు సంగతి గుర్తుంచుకుంటే ఎదురుగా జరిగే అద్భుతం తేలికగా అర్థమవుతుంది. అదుగో, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్! నేలలోనుంచి మరిగే నీరు 100 అడుగులకు మించి, ఒక్కొక్కసారి 180 అడుగుల దాకా చిమ్ముతుంది. ఇటువంటి వేడినీటి బుగ్గకు గీజరు అని పేరు. ఇది సుమారు గంటన్నరకు ఒకసారి చిమ్ముతుంది. చల్లటి గాలిలో ఆవిరి మేఘంలాగా లేస్తుంది.

ఎల్లోస్టోన్ ఒక పెద్ద అగ్నిపర్వతం మీద ఉన్నది. సుమారు 6,40,000 ఏళ్ళ క్రితం అది భయంకరంగా పేలింది. నేలలోని రాళ్ళు ఇప్పటికీ వేడిగా ఉన్నాయి. పైనుంచి ఇంకిన వాననీరు, మంచునీరు ఆ వేడి తగిలి కాగుతాయి. కాని పైన ఉన్న నీటి బరువు మూతలాగా నొక్కుతుంది, కుక్కరులోలాగే. అడుగున నీరు మరిగే వేడిని దాటిపోతుంది. కొంత ఆవిరి లేచి పై నీటిని పొర్లించేసరికి ఒత్తిడి ఒక్కసారి తగ్గుతుంది. అంతే! అడుగునీరంతా ఆవిరై, ఉన్నదాన్నంతా ఆకాశానికి ఎగజిమ్ముతుంది. ప్రపంచంలో చిమ్ముతూ ఉన్న గీజర్లలో సుమారు సగం ఇక్కడే ఉన్నాయి.

ఆకలిగొన్న అడవి

ఇప్పుడు మాత్రం జాగ్రత్తగా వినండి. ఈ యాత్రలో అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఇది.

ఈ అడవిలో ఎటు చూసినా చలికాలానికి సరుకు చేర్చటమే జరుగుతున్నది. రాళ్ళ గుట్టల్లో పైకా అనే చిన్న జంతువున్నది. చూడటానికి ఎలుకలాగా ఉంటుంది గాని కుందేలుకు చుట్టం. అది గడ్డీ పువ్వులూ కొరికి తెచ్చి, మన రైతులు వామి వేసినట్టు కుప్ప వేస్తుంది. మంచు కింద ఆ కుప్పే దానికి తిండి. నట్‌క్రాకర్ అనే పిట్ట తెల్లబెరడు పైన్ చెట్ల గింజలను నాలుక కిందనున్న సంచిలో నింపుకుపోయి, వేల చోట్ల పాతిపెడుతుంది. అది మరిచిపోయిన గింజలనుంచే కొత్త చెట్లు మొలుస్తాయి. ఉడతలు కాయలను తుంచి, నేలలో గాదెలు నింపుతాయి. ఉడత దాచినదాన్ని ఎలుగుబంటి తవ్వుకుని తినేస్తుంది!

గ్రిజ్లీ ఎలుగుబంటి మాత్రం ఎక్కడా దాచదు. తన ఒంటిలోనే కొవ్వుగా దాచుకుంటుంది. ఈ ఋతువులో రోజుకు ఇరవై గంటలు కూడా తింటూ గడుపుతుంది. తరవాత సుమారు అయిదు నెలలు గుహలో పడుకుంటుంది. అన్నమూ లేదు, నీళ్ళూ లేవు. తల్లి ఎలుగు ఆ గుహలోనే పిల్లల్ని కని, పాలిచ్చి పెంచుతుంది. ఈ నెలలో కడుపు నిండకపోతే ఆ పిల్లలు బతకవు.

ఇటువంటి ఆకలిగొన్న అడవిలోకి మనం నిండిన వంటింటిని తోలుకుపోతున్నాం! దీనివల్ల ఏం జరుగుతుందో ఎల్లోస్టోన్ చరిత్రే చెబుతుంది.

పూర్వం ఇక్కడి హోటళ్ళవాళ్ళు ఎంగిలీ చెత్తా అడవిలో పోసేవారు. ఎలుగుబంట్లు తినటానికి వచ్చేవి. అది చూడటానికి జనం కూచునేందుకు బల్లలు కూడా వేశారు! కార్లు వచ్చాక ఎలుగుబంట్లు రోడ్డుపక్కన నిలబడి బిచ్చమెత్తటం నేర్చాయి. జనం కిటికీలోనుంచి రొట్టెలు అందించి ముచ్చటపడేవారు. ఫలితమేమిటి? 1931 నుంచి 1969 దాకా లెక్క చూస్తే, ఏడాదికి సగటున 48 మంది ఎలుగుబంట్లవల్ల గాయపడ్డారు.

1970 ప్రాంతాన ప్రభుత్వం చెత్తదిబ్బలు మూసింది, ఎలుగులకు తెరవరాని చెత్తడబ్బాలు పెట్టింది, తిండి పెట్టటాన్ని గట్టిగా ఆపింది. కాని మనిషి తిండికి అలవాటుపడ్డ ఎలుగులు తిన్నగా మకాములమీదికి వచ్చాయి. వాటిలో చాలావాటిని చంపవలసి వచ్చింది. 1975 నాటికి ఈ ప్రాంతంలో గ్రిజ్లీలు 136 మాత్రమే మిగిలినట్టు అంచనా. ఆ ఏడే వాటికి చట్టరక్షణ కల్పించారు. ఈనాడు ఎల్లోస్టోన్ చుట్టుపక్కల సుమారు వెయ్యి గ్రిజ్లీలు తిరుగుతున్నాయి. అవి బతికింది మనం పెట్టిన తిండితో కాదు, మనం పెట్టటం మానినందువల్ల!

అందుకే ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట ఉన్న మోటారు ఇళ్ళ మకాములో గుడ్డ డేరాలు వెయ్యనివ్వరు. గట్టి గోడలున్న బళ్ళు మాత్రమే అక్కడ ఆగాలి. మనం కూడా భోజనం కాగానే బల్లమీద మెతుకు లేకుండా తుడిచి, గిన్నెలు లోపల పెట్టి, తలుపు వేసుకుందాం.

తొందరగానే బయలుదేరాలి. నవంబరు వచ్చేసరికి ఇక్కడి రోడ్లలో చాలావాటిని మోటార్లకు మూసేస్తారు. ఉత్తర ద్వారంనుంచి పోయే రోడ్డు ఒక్కటే ఏడాది పొడుగునా తెరిచి ఉంటుంది. ఆ ద్వారంలో 1903 లో కట్టిన పెద్ద రాతి కమాను కిందుగా మనం బయటపడదాం.

ఇల్లు ఎక్కలేని రోడ్డు

ఇంకా ఉత్తరంగా సుమారు 400 మైళ్ళు పోతే, మోంటానా రాష్ట్రంలో కెనడా సరిహద్దున గ్లేసియర్ జాతీయ వనం ఉన్నది. బ్లాక్‌ఫీట్ జాతివాళ్ళు ఈ పర్వతాలను లోకానికి వెన్నెముక అంటారు. 1932 లో ఈ వనాన్నీ, కెనడాలోని వాటర్టన్ వనాన్నీ కలిపి శాంతివనంగా ప్రకటించారు. రెండు దేశాలు కలిసి ఇలా చెయ్యటం ప్రపంచంలో అదే మొదలు.

ఇక్కడ మన మోటారు ఇంటికి గర్వభంగం! కొండమీదికి పోయే రోడ్డును సూర్యుడి దగ్గిరికి పోయే రోడ్డు అంటారు. దాని పొడవు సుమారు 50 మైళ్ళు. కొండను తొలిచి 1932 లో పూర్తి చేశారు. ఒక పక్క తలమీదికి వంగిన రాయి, రెండో పక్క లోయ. 21 అడుగులకు మించి పొడవు గాని, అద్దాలతో సహా 8 అడుగులకు మించి వెడల్పు గాని ఉన్న బళ్ళను పై భాగానికి రానివ్వరు. కనుక మన ఇంటిని కిందనే వదిలి, చిన్న కారులో పైకి పోవాలి. 1930 ల నాటి ఎర్ర బస్సులు కూడా ఇక్కడ ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటికి గుడ్డ కప్పు ఉంటుంది. దాన్ని చుట్టేస్తే ఆకాశమంతా మనదే!

లోగన్ కనుమ ఎత్తు 6,646 అడుగులు. అక్కడ నిలబడితే కొండల ఒడిలో హిమానీనదాలు ఉన్నాయని తెలుస్తుంది. అవి ఏళ్ళ తరబడి పేరుకున్న మంచు నదులు. ఆ వనానికి గ్లేసియర్ అనే పేరు వాటివల్లే వచ్చింది. కాని భూమి వేడెక్కుతున్నకొద్దీ అవి తరిగిపోతున్నాయి. 1966 లో 35 ఉండగా, 2015 లో కొలిస్తే తగినంత పెద్దవి 26 మాత్రమే మిగిలాయి. పేరుగల ప్రతి హిమానీనదమూ ఆ మధ్యకాలంలో చిన్నదయింది. ఎలుగుబంటిని రొట్టె పెట్టటం మాని కాపాడారు. మంచును కాపాడటానికి కూడా మనుషులు మానవలసినవి కొన్ని ఉన్నాయి. అవి ఇంకా కష్టమైనవి.

కొండ దిగుతూ ఆ చెట్లు చూడండి. పైన్ చెట్ల లాగా సూది ఆకులే, కాని పసుపెక్కుతున్నాయి. చెట్లకు జబ్బు చేసిందనుకోకండి. అవి లార్చ్ చెట్లు. సూది ఆకుల చెట్లు సాధారణంగా ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. లార్చ్ మాత్రం అక్టోబరులో బంగారు రంగుకు తిరిగి, ఆకులన్నీ రాల్చేస్తుంది. ఆ ఆకులు రాలేసరికి ఈ రోడ్డుకూ గేటు పడుతుంది. మళ్ళీ మంచు తవ్వి తెరిచేసరికి సాధారణంగా జూన్ నెలాఖరో, జూలైయో అవుతుంది.

అప్పటిదాకా ఆ అడవిలో మోటారు చప్పుడుండదు. పైకా తన వామిలో గడ్డి తింటూ ఉంటుంది. గుహలో ఎలుగు పిల్లలు పాలు తాగుతూ ఉంటాయి. తెల్లబెరడు పైన్ గింజ ఒకటి, పిట్ట మరిచిపోయినది, మంచు కింద వసంతం కోసం కాచుకుని ఉంటుంది.

పిల్లలూ, మీరు రాకీ పర్వతాలకు ఎప్పుడు పోతారో ఏమో. కాని నల్లమల అడవిగుండా శ్రీశైలానికి మాత్రం తప్పక పోతారు. ఘాట్ రోడ్డుమీద కోతులు వరసగా కూచుని, కారు ఆగితే చాలు, చెయ్యి చాపుతాయి. కిటికీలోనుంచి అరటిపండో బిస్కెట్టో విసరాలని మీకు సరదా పుడుతుంది. మీరు విసిరినది అందుకోవటానికి అది రోడ్డుమీదికి దూకుతుంది. వెనక నుంచి ఇంకొక బండి వస్తూంటుంది. ఆ పండు మీ చేతిలోనే ఉండనివ్వండి. కోతికి కావలసిన పళ్ళు అడవిలో ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో దానికి మనకన్న బాగా తెలుసు.